బస్తా పడే తీరు

అమీర్ అలీ రాళ్లేరడం మానేసిన నాటి నుంచే సత్యానందానికి అనుమానం పట్టుకుంది.

బయటివాళ్లకు ఇదొక ముచ్చటగా కనబడదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆ ఇద్దరినీ ఎరిగినవాళ్లకు మాత్రం అర్థమవుతుంది. జనాన్ని నవ్వించడానికి ఇరవై రెండేళ్లుగా ఒకరు కొడతారు, ఒకరు పడతారు. కొట్టే మనిషి అమీర్ అలీ. మేకల బేరం చేస్తాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు కాబట్టి తెర మీద ఆయన పేరు దబ్బనం. పడే మనిషి సత్యానందం. ఊళ్లో టైలరు. పొట్టిగా, లావుగా ఉంటాడు కాబట్టి బస్తా. బస్తా పడబోయే ప్రతిసారీ దబ్బనం చెప్పులు విడిచి, ఆ చోటంతా ఉత్త కాళ్లతో తొక్కి చూసేవాడు. కాలికి తగిలిన రాయినీ, గాజుపెంకునూ, తుమ్మముల్లునూ ఏరి జేబులో వేసుకునేవాడు. పనయ్యాక జేబు దులిపితే పిడికెడు రాళ్లు రాలేవి. అట్లా చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. అన్నం తినబోయే ముందు చెయ్యి కడుక్కున్నంత మామూలుగా జరిగిపోయేది.

ఆ జోడీ పుట్టింది చర్చిలో. అప్పటి క్రిస్మస్ నాటకంలో సత్యానందానికి సత్రం యజమాని వేషం ఇచ్చారు. యోసేపునూ మరియమ్మనూ చోటు లేదని వెళ్లగొట్టడమే పని, రెండే మాటలు. కాపరుల ఘట్టానికి నిజం జీవాలు కావాలని పాస్టరుగారు అడిగితే, అమీర్ అలీ మూడు మేకలను తోలుకొచ్చి, తాళ్లు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. అందులో ఒకటి సత్రం తెరను నమలసాగింది. దాన్ని ఒక్కటి వేద్దామని చెయ్యెత్తాడు. మేక తప్పుకుంది, దెబ్బ సత్రం యజమాని చెంప మీద పడింది. సత్యానందం తెరతో సహా కూలిపోయాడు. నవ్వి నవ్వి పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. క్షమాపణ చెప్పడానికి మర్నాడు అమీర్ అలీ మేకపాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ పాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఆ నాటకం సంగతి మేడ్చల్ కేబుల్ ఆయన చెవిన పడింది. ఆదివారం అరగంట వాళ్లకిచ్చాడు. అప్పుడే సత్యానందం పడడం పద్ధతిగా నేర్చుకున్నాడు. మేడ్చల్ మార్కెట్‌లో హమాలీలు వడ్ల బస్తాలు దించుతుంటే రోజుల తరబడి కూర్చుని చూశాడు. భుజం మీంచి జారిన బస్తా ముందు మెత్తగా కుంగుతుంది, తర్వాత ఒరుగుతుంది, చివరకు నిండా వాలుతుంది. తనూ అట్లాగే పడేవాడు. కేబుల్ పోయాక బస్టాండులో వాళ్ల సీడీలు అమ్ముడయ్యాయి. సీడీలు పోయాక, శామీర్‌పేటలో ఫొటో స్టూడియో నడిపే రోజారాణి వాళ్లకు ఫోన్లలో చూసే వీడియోల చానెల్ పెట్టించింది. కెమెరా ఆమెదే, కత్తిరింపూ ఆమెదే.

మధ్యలో ఒక్కసారి పెద్ద సినిమా ముచ్చట కూడా ఉంది. ఇద్దరూ పొద్దంతా ఎండలో నిలబడి చేశారు. ఊరు ఊరంతా మేడ్చల్ టాకీసుకు పోయి చూస్తే, తెర మీద అమీర్ అలీ మొహం ఉంది, సత్యానందం లేడు. అతడు పడిన ముక్క కత్తెరలో పోయిందన్నారు. అమీర్ అలీ సగంలోనే లేచి బయటికొచ్చి, గేటు దగ్గర ఇతని కోసం కూర్చున్నాడు. సత్యానందం దాని గురించి మళ్లీ మాట్లాడలేదు. కానీ ఆ ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు అది సలుపుతోంది.

ఎందుకంటే చాన్నాళ్లకు టీవీ వాళ్లు ఫోన్ చేశారు. పది ఎపిసోడ్లు, జూన్ నుంచి మొదలు. ఆ కబురు వచ్చిన వారం నుంచే అమీర్ అలీ మారిపోయాడు. ఆ వారమే చెరువు కట్ట మీద వీడియో తీసేటప్పుడు సత్యానందం అలవాటుగా చెంప తిప్పి నిలబడితే, అవతల చెయ్యి లేవలేదు.

"ఇయ్యాల దెబ్బ ఒద్దు తియ్యి సత్యం భాయ్. ముచ్చట్లతోటే నడిపిద్దం."

"ఎందుకు? చెంప ఖాళీగనే ఉన్నది గదా."

"రోజూ అదే కూర పెడ్తె ఎవలు తింటరు? జనం మారిన్రు."

"జనం మారిన్రా, నువ్వు మారినవా?"

రోజారాణి నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి, కెమెరా తుడవడం మొదలుపెట్టింది. దెబ్బ లేదు, పడడం లేదు, రాళ్లేరడం లేదు. అట్లా రెండు నెలలు గడిచాయి. సత్యానందం స్టూడియోకు పోతే రోజారాణి కంప్యూటర్ తెర మార్చేస్తోంది. ప్రతి బుధవారం పొద్దున ఫోన్ చేస్తే ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు. బస్తా పడకపోతే బస్తాతో పనేముంది? నవ్వంతా ఆ పడడంలోనే ఉంది. దాన్ని తీసేస్తున్నారంటే, జూన్ నాటికి తనను మెల్లగా ఒలిచి పక్కన పెడుతున్నారన్న మాట.

పొద్దుగాల ప్రార్థనలో కూడా అదే. కళ్లు మూసుకుంటే అమీర్ అలీ మొహమే కనబడేది. నుదురు ముడేసుకుని కూర్చున్న భర్తను కెజియా చూసింది.

"ఏమయ్యా, ప్రార్థన చేస్తున్నవా, పోలీసోని లెక్క కేసు రాస్తున్నవా?"

"ప్రభువుకు అన్నీ చెప్పుకోవాలె గదనే."

"చెప్పుకో. కానీ ఆయన కాడికి చాడీలు తీసుకపోకు. ఆ మనిషి పాలే తాగుతున్నం మనం."

"పాలు పోసుడు వేరే, పక్కన నిలబెట్టుకునుడు వేరే."

కెజియా లోపలికి పోయింది. కుర్చీ తెచ్చి అతని పక్కన పెట్టింది. ఈ మధ్య భర్త నేల మీంచి లేవడానికి ఏదో ఒకటి పట్టుకుంటున్నాడని ఆమెకు తెలుసు. అతను మాత్రం ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. కుట్టుమిషన్‌కు మోటారు పెట్టించుకున్నప్పుడు గిరాకీ ఎక్కువైందన్నాడు. ప్రభురాత్రి భోజనం వేళ అందరూ మోకాళ్లూనితే తను చివర్న నిలబడే రొట్టె తీసుకుని, ప్యాంటు బిగుతైందన్నాడు. టైలరుకు ప్యాంటు బిగుతా అని పాస్టరుగారు చిన్నగా నవ్వి ఊరుకున్నారు.

సోమవారం గుండీలకని మచ్చ బొల్లారంలో బాలనర్సయ్య దుకాణానికి పోయాడు. అతనూ టైలరే, గుండీలూ అమ్ముతాడు. కొంచెం పెద్దవాడు, ఫోన్లో వీడియోలు చూసే అలవాటు లేనివాడు, సత్యానందం ఏ ఊరి టైలరో ఎరగనివాడు. హ్యాంగరుకు ఎర్రగళ్ల చొక్కా వేలాడుతోంది. ఆ గళ్లు తెర మీద తను వేసుకునే బస్తా చొక్కా గళ్లే. సత్యానందం గుండీల సంగతి మరిచి చొక్కా దింపాడు. జేనతో కొలిచాడు. భుజాలు సన్నం, చేతులు పొడుగు, ఎడమ భుజం అర అంగుళం కిందికి. ఏళ్ల తరబడి మేకతాళ్లు లాగి లాగి దిగిపోయిన భుజం అది. ఈ కొలత లోకంలో ఒక్కరిదే. ఆ ఒక్కరి బట్టలు ఇరవై రెండేళ్లుగా కుట్టింది తనే.

"ఎవలిది మాస్టరూ ఇది?"

"లాల్‌గడి దిక్కు మేకలాయనది. నాటకం చొక్కానట. మోచేతులకు, భుజాలకు లోపల దూది పెట్టమన్నడు. మీ ఊళ్లె టైలర్ లేడా అంటే, ఉన్నడు గని ఆయనకు మాత్రం తెల్వొద్దన్నడు." బాలనర్సయ్య దారం కొరికి ఉమ్మాడు. "బుధవారం పొద్దుగాల కుర్మయ్య కళ్లం కాడ వేసుకుంటడట. ఏందో, ఆ టైలర్‌తోటి ఏం పంచాయితి ఉన్నదో."

"ఏమో," అన్నాడు సత్యానందం. చొక్కాను మళ్లీ ముడత పడకుండా తగిలించాడు.

షేర్ ఆటోలో తిరిగొస్తుంటే కథంతా కళ్లకు కట్టింది. దూది పెట్టుకుని దబ్బనమే బస్తా అవుతాడు. గళ్ల చొక్కా తీసుకున్నాడు, పడడమూ తీసుకుంటాడు. టాకీసులో ఆనాడు కత్తెర చేసిన పని, ఈనాడు దోస్తే చేస్తున్నాడు. గుండీలు కొనకుండానే వచ్చేశానని ఇంటికి చేరాక గుర్తొచ్చింది.

బుధవారం పొద్దున మేకపాలు ఎప్పటిలాగే గుమ్మంలో ఉన్నాయి. సత్యానందం వాటిని ముట్టలేదు. "ప్రభువా, నా అనుమానం తప్పైతే నాకు సిగ్గు రానియ్యి. నిజమైతే నోరు జారకుండ కాపాడు," అని మొక్కుకుని, కుర్మయ్య కళ్లం వైపు నడిచాడు. కోతలు అయిపోయి కళ్లం నిండా వరిగడ్డి వాములున్నాయి. ఒక వాము వెనక నక్కాడు. యాభై దాటిన మనిషి, అంత పొట్టతో దొంగలా నక్కడం ఎవరన్నా చూస్తే అదే ఒక వీడియో అయ్యేది.

రోజారాణి కెమెరా స్టాండు నిలబెడుతోంది. అమీర్ అలీ చెప్పులు విడిచి, కళ్లమంతా ఉత్త కాళ్లతో తొక్కుతున్నాడు. వంగి రాయి ఏరి జేబులో వేసుకున్నాడు. మరొకటి ఏరాడు.

చొక్కా పోయినప్పుడు కూడా సత్యానందానికి అంత నొప్పి కలగలేదు. ఈ రాళ్లు ఎవరి కోసం? దబ్బనం కాక కొత్త బస్తా వేరే ఉన్నాడేమోనని అటూ ఇటూ చూశాడు. కళ్లంలో మూడో మనిషి లేడు.

అమీర్ అలీ గళ్ల చొక్కా తొడుక్కున్నాడు. ఎవరో కొట్టినట్టు తల విసిరి, తూలి, ధబ్బున పడ్డాడు. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు వంగింది. పళ్లు బిగించి లేచాడు.

"అన్నా, మళ్ల చెయ్యి వెట్టినవ్," అంది రోజారాణి. "ఇట్లైతే మొదటి ఎపిసోడుకే పట్టీ కట్టాలె."

"పెట్టకుంటే మొఖం పల్గుతది చెల్లే. సత్యం భాయ్ గిది ఇన్నేండ్లు ఎట్ల జేసిండో అల్లాకే ఎరుక. నాకు నాలుగు పడుడ్లకే నడుం పోయింది. ఆ మోకాళ్లతోటి ఆయన ఇంక పది పడితే మంచం మీదనే ఉంటడు. ఇంకోసారి పెట్టు కెమెరా."

మళ్లీ పడ్డాడు. మళ్లీ అదే చెయ్యి. వాము వెనక సత్యానందం మణికట్టు దానంతటదే నొప్పి పెట్టింది. మూడోసారి అమీర్ అలీ తూలబోతుండగా ఇక ఉండలేకపోయాడు.

"చెయ్యి తియ్. బస్తాకు చేతులుంటయా?"

ఇద్దరూ తిరిగి చూశారు. వరిగడ్డి జుట్టుకు అంటుకుని, సత్యానందం వాము పట్టుకుని లేస్తున్నాడు. అమీర్ అలీ పోయి చెయ్యి అందించాడు. సత్యానందం ఆ చెయ్యి పట్టుకునే లేచాడు, లేచాకే కోపం గుర్తొచ్చింది.

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏం జేసేటోనివి? నాకేం గాలేదని ఆడికాడనే పడి సూపిచ్చేటోనివి."

అది నిజమే.

"ఇంతకుముందు పడి లేచేటోనివి," అన్నాడు అమీర్ అలీ నెమ్మదిగా. "ఈ నడుమ పడినంక, ఎవలన్న చెయ్యి ఇస్తరా అని చూస్తున్నవు. కొట్టేటోన్ని గదా, నాకు కనబడదా? టీవీ వాళ్లు ఎపిసోడుకు ఒక పడుడు ఉండాలన్నరు. ఎవలు పడాలన్నది అనలే."

"పడుడు నాది అమీరూ."

"నీదే. అందుకే దొంగతనంగ నేర్చుకుంటున్న."

రోజారాణి కెమెరా వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నిలబడింది. సత్యానందం చొక్కా మోచెయ్యి పట్టుకుని నలిపి చూశాడు.

"గీ కుట్టు ఒక కుట్టేనా? దూది మోచేతికి గాదు, పిర్రకు వెట్టాలె. మొత్తం విప్పి మళ్ల కుట్టాలె. బొల్లారం దాక పోయి ఖరాబు జేయించుకున్నవు."

"అయితే కుట్టు."

"మరి నేనేం జెయ్యాలె తెర మీద?"

"కొట్టు. ఇరవై రెండేండ్ల దెబ్బలు నీ కాడ జమ ఉన్నయి గదా."

సత్యానందం తన అరచెయ్యి చూసుకున్నాడు. సూదిపోట్లు తప్ప ఆ చేతికి ఏమీ తెలియదు. ముందు మోకాళ్లు మెత్తగా వదలాలని, తర్వాత నడుము, తర్వాత వీపు, తల అన్నింటికన్నా చివరికని, ఊపిరి బయటికి వదులుతూ పడాలని చెప్పాడు. అమీర్ అలీ బడిపిల్లవాడిలా తలూపాడు. ఆయన తప్పును సరిదిద్దిన ప్రతిసారీ సత్యానందానికి ఏదో ఒకటి చేతిలోంచి జారిపోతున్నట్టూ ఉంది, ఇంకెవరి చేతిలోనో పదిలంగా పడుతున్నట్టూ ఉంది.

"సరే, నిలబడు," అని రోజారాణి కెమెరా ఆన్ చెయ్యబోయింది.

"ఆగు చెల్లే," అన్నాడు సత్యానందం. చెప్పులు విడిచాడు. అమీర్ అలీ పడబోయే చోటంతా, గడ్డిని పాదంతో పక్కకు నెడుతూ, అడుగు అడుగు తొక్కసాగాడు.

"ఇప్పుడే ఏరిన గదా," అన్నాడు అమీర్ అలీ. "నా మీద నమ్మకం లేదా?"

"లేదు," అన్నాడు సత్యానందం.

ఇంకో నాలుగడుగులు వేశాడు. గడ్డి కింద చింతగింజంత రాయి బొటనవేలికి తగిలింది. అమీర్ అలీ దిగిపోయిన భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, మోకాలు మూలుగుతుంటే వంగి, దాన్ని తీసి తన జేబులో వేసుకున్నాడు.