నొరాల్బా వదిలించిన తాళం

మా కొండ ఊరు మనిసాలెస్‌లో అక్టోబరు వానలంటే మాకు గుండె దడ. కొండచరియ ఎప్పుడు జారుతుందో తెలియదు. వాన, వాగుల కొలతలు చూసి కొండవాలు పేటలను ముందుగా హెచ్చరించడం మా ఆఫీసు పని. ఆ కొలతలు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం చూసుకునేది నొరాల్బా. వాళ్ళమ్మ ఉండేదీ అలాంటి పేటలోనే.

ఆ వారం కొలతలు తెరమీదికి ఆలస్యంగా రాసాగాయి. కారణం నొరాల్బాయే పట్టుకుంది. మా ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఉంది. బరువైన లెక్కలు మాత్రం సీ ప్లస్ ప్లస్ అనే మరో భాషలో రాసిన పాత లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడ్, చేస్తుంది. పైథాన్‌కు ఒకటే తాళం. అది ఎవరి దగ్గరుంటే వాళ్ళదే వంతు. ఒక వాగు లెక్క తాళం పట్టుకుని లైబ్రరీలోకి వెళితే, అది తిరిగొచ్చేదాకా మిగతా వాగులన్నీ ఆగిపోతున్నాయి.

"లోపలికి వెళ్ళేముందు తాళం వదిలెయ్యాలి, వచ్చాక మళ్ళీ తీసుకోవాలి. అంతే సార్," అంది.

"అంతేనా? మరి ఇంకా ఎందుకమ్మా ఆలోచిస్తున్నావు?" అన్నాడు మా ఆఫీసు పెద్ద ఎవెలియో, ఆమె ముందు కాఫీ పెడుతూ.

"లైబ్రరీ లోపల ఎక్కడైనా తాళం లేకుండా పైథాన్‌ని ముట్టుకుంటే ప్రోగ్రాం మొత్తం కూలిపోతుంది సార్. వాన మధ్యలో కూలితే?"

మార్చిన ప్రోగ్రాంను ముందు వేరే యంత్రంలో నడిపింది. నిన్నటి కొలతలతో చక్కగా, వేగంగా నడిచింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. పోయినేటి వరద కొలతలు ఎక్కించింది. కాసేపటికే ప్రోగ్రాం కూలిపోయింది.

బయట వాన జోరందుకుంది. నొరాల్బా లైబ్రరీ కోడ్‌ను వరస వరసా చదివింది. నీళ్ళు ప్రమాద గీత దాటినప్పుడు మాత్రమే అది హెచ్చరిక రాయమని పైథాన్‌ను పిలుస్తోంది. అప్పుడు తాళం తీసుకోవడం లేదు.

"సరిగ్గా ప్రమాదం వచ్చినప్పుడే చచ్చిపోయేది సార్!" అంది, ముఖం పాలిపోయి.

ఆ పిలుపుకు ముందు తాళం తీసుకునేలా సరిచేసి, వరద కొలతలను మళ్ళీ మళ్ళీ నడిపింది. నిలబడింది.

"అసలు యంత్రంలో పెట్టెయ్యమ్మా. మనం ఆగినా వాన మనకోసం ఆగదు," అన్నాడు ఎవెలియో.

పెట్టింది. వాగులన్నీ ఒక్కసారిగా తెరమీదికొచ్చాయి. వాటిలో ఒకటి గీత దాటింది. అది వాళ్ళమ్మ పేట పక్కనున్న వాగు. ఎవెలియో సైరన్ మోగించమన్నాడు. నొరాల్బా అమ్మకు ఫోన్ చేసింది.

"పొయ్యిమీద బీన్స్ ఉడుకుతున్నాయే!"

"పొయ్యి ఆర్పేసి స్కూలుకి వెళ్ళిపో అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

చీకటి పడకముందే చరియ జారింది. నాలుగైదు వంటిళ్ళు మట్టిలో కలిసిపోయాయి. వాటిలో వాళ్ళమ్మదీ ఉంది. అప్పటికే మనుషులంతా తలదాచుకునే చోటుగా పెట్టిన స్కూల్లో ఉన్నారు.

ఆ కబురు విన్నాక కూడా నొరాల్బా కుర్చీలోంచి లేవలేదు. వాన తెరిపిచ్చేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు.