లైబ్రరీ సారూ, రాని పుస్తకమూ

కాలేజీ ల్యాబులో, గాజు సామాను ఆవిరి పట్టే ఆటోక్లేవ్ దించి మూత చల్లారేదాకా ఆగుతున్నాను. మా అటెండరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, "మేడం, లైబ్రరీ సారు పోయిండంట. నిన్న పొద్దుగాల, ఇంట్లనే," అంది. ఏ సారు అని నేను అడగలేదు. మెదక్‌లో చదువుకున్న నాలాంటివాళ్లకు లైబ్రరీ సారంటే ఒక్కరే. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇద్దరు కూర్చుని లేచినా ఆ పేరు ఆయనకే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు, సిగ్గేసింది. ఆయనకు నేనొక మాట ఇచ్చాను. ఆయన బతికుండగా దాన్ని నిలుపుకోలేదు.

అప్పుడు నాది మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాది. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చిపోయేదాన్ని. వరి పొలంలో నీలి ఆకుపచ్చ నాచును ఎరువుగా వాడటం మీద ప్రాజెక్టు తీసుకున్నాను. మా వాకిట్లో నాలుగు టబ్బుల్లో మట్టి నింపి, నాచు పెంచి, నారు నాటి, ఆ పనంతా బుద్ధిగానే చేశాను. మా నాన్న రోజూ ఆ టబ్బుల్లోకి తొంగిచూసి, "యూరియా బస్తాకు దండం పెట్టాల్నా, గీ పాకురుకు పెట్టాల్నా?" అని ఆటపట్టించేవాడు.

నేను తప్పు చేసింది రాతలో. ఏయే పుస్తకాలు చూశామో చివరి పేజీలో రాసి, దాని మీద టౌన్ లైబ్రరీ ముద్ర వేయించుకు రావాలని మా గైడ్ నియమం. పైతరగతి అక్క ప్రాజెక్టులోంచి పదకొండు పుస్తకాల పేర్లు ఉన్నవి ఉన్నట్టు దింపేశాను. ఆ అక్క ఇంకో అక్క దగ్గర దింపిందని నాకు తెలుసు. అందరూ చేసేదే కదా అనుకున్నాను.

ముద్ర కోసం లైబ్రరీకి వెళ్లి ఆ కాగితం ఇస్తే, సారు కళ్లజోడు సవరించుకుని, వేలు ఒక్కో వరస మీద పెడుతూ చదివాడు. నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. ముఖం వెలిగిపోయింది.

"గిది నీకు యాడ దొరికింది బిడ్డా?"

"ఈడనే సార్. మన లైబ్రరీలనే," అన్నాను తడుముకోకుండా.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "గీ పుస్తకం కోసం నేను మూడేండ్ల సంది పై ఆఫీసుకు రాస్తనే ఉన్న. ఇంకా రాలే," అన్నాడు. "ఏటేటా మీ పిల్లలందరు గిదే రాస్తున్నరు. పట్నంల చూసి వస్తుండ్రేమో, మస్తు అక్కరున్నట్టుంది అనుకున్న."

ఆయన ఒక్క మాట గైడ్‌కు చెబితే నా ప్రాజెక్టు పోతుంది, ఏడాది పోతుంది. తలవంచుకుని, "తప్పయింది సార్," అన్నాను. తిడతాడనుకున్నాను.

"నాది సుత తప్పే," అన్నాడు. "ముద్ర కొట్టుడు అలవాటైపోయింది. అడగకుండనే కొట్టిన. ఎప్పుడియ్యాలె?"

"వారంల సార్."

"వారం మస్తు. కూసో."

ఆ వారం సాయంత్రాలు ఆయన పక్కనే గడిచాయి. పురికొస కట్టిన పాత వ్యవసాయ పత్రికల కట్టలు దింపించాడు. దుమ్ముకు ఇద్దరం తుమ్ముకుంటూ విప్పాం. "ఫోన్ల మస్తున్నయి గద సార్," అని గునిస్తే, "ఉంటయి. రాసినోడెవరో చూసినవా?" అనేవాడు. క్యాలెండర్ కాగితం అట్ట వేసిన లావుపాటి మట్టి సూక్ష్మజీవుల పుస్తకం మూడు రోజులకు దొరికింది. వెనక అట్ట లోపల తెల్లకాగితం అతికించి నా చేతికి పెన్సిలిచ్చాడు. "నువ్వు ఏ పేజీ చూసినవో గీడ రాయి. నీ ఎనకొచ్చేటోళ్లకు తొవ్వ దొరుకుతది." ఆ అలవాటు ఆ రోజే మొదలైంది. తర్వాత ఆ గదిలోని ప్రతి సైన్సు పుస్తకానికీ ఆ కాగితం పడింది.

ఆయన పేజీలు తిప్పడానికి వేలు తడుపుకునే స్పాంజి ముక్క ఒకటి చిన్న గిన్నెలో ఉండేది. నా చదువు చూపించుకోవాలని దాన్నొకసారి దూదితో రుద్ది, అంటిన సూక్ష్మజీవులను ల్యాబులో గాజు ప్లేటులో పెంచి, మూత తీయకుండా తెచ్చి ఆయన ముందు పెట్టాను. పసుపు, తెలుపు, గులాబీ చుక్కలు. "అరె, లోకమంత గీన్నే ఉన్నది గదా!" అని మురిసిపోయాడు. మర్నాటి నుంచి ఆ స్పాంజిని వేణ్నీళ్లలో మరిగించుకొచ్చేవాడు. "నాకు సైన్సు రాదు బిడ్డా, గని పేజీ నంబర్ చదవొస్తది," అనేవాడు ఎవరైనా ఏమైనా అడిగితే.

దింపిన పదకొండు పేర్లు పోయి, నేను నిజంగా చూసినవి ఐదు మిగిలాయి. ప్రాజెక్టు టైపు చేయించి బైండింగ్ అయ్యాక తీసుకెళ్లాను. ఒక రోజు తన దగ్గర ఉంచమన్నాడు. ముద్ర కొట్టడానికి రోజెందుకని విసుక్కున్నాను. మర్నాడు పొద్దున పోతే, ముద్ర వేసిన ప్రాజెక్టు చేతిలో పెడుతూ, "మూడోది ఒక్కపారి మళ్ల చూసుకో బిడ్డా," అన్నాడు.

"మళ్ల చూసుకో" అనేది ఆయన ఊతపదం. గొళ్లెం పెట్టినా అంటాడు, గొడుగు మరిచినా అంటాడు. "అన్ని చూసినా సార్," అని ఆటో ఎక్కే తొందరలో లాక్కున్నాను.

"సరే. ఒక కాపీ గీడ పెట్టు మరి. మన లైబ్రరీల మన పిల్ల రాసింది ఒకటన్న ఉండాలె."

పెడతానన్నాను. వైవాలో గైడ్, "ఐదేనా?" అని కనుబొమలెగరేస్తే ఐదింటి గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఈ రోజు నేను పాఠాలు చెబుతున్నానంటే ఆ ఐదు పుస్తకాల చలవే. కాపీ మాత్రం ఈ వారం, వచ్చే వారం అంటూ అల్మారాలోనే ఉంచేశాను. బజార్లో కనిపించినప్పుడల్లా నేనే ముఖం చాటేశాను. ఆయన ఒక్కసారీ అడగలేదు.

సారు పోయిన కబురు విన్న మర్నాడు ఆ కాపీ తీసుకుని లైబ్రరీకి వెళ్లాను. ఇప్పుడున్న అమ్మాయి, "ఆ ర్యాకుల పెట్టుండ్రి మేడం," అంది. పెట్టబోతుంటే పైఅరలో క్యాలెండర్ అట్ట కనిపించింది. తీసి వెనక్కి తిప్పాను. కాగితం నిండా ఎవరెవరివో చేతిరాతలు. అన్నిటికన్నా పైన నాది, పెన్సిల్‌తో: నాచు, నత్రజని, 112. ఆ అంకె మీద పెన్నుతో సన్నటి గీత. పక్కన సారు గుండ్రటి రాతలో 121.

నూట పన్నెండో పేజీ తీశాను. పప్పుధాన్యాల వేరు బుడిపెలు. నూట ఇరవై ఒకటిలో నాచు. నా ప్రాజెక్టు తెరిచి చూస్తే మూడో పుస్తకం ఎదురుగా 112 అనే ఉంది, ఆయన ముద్ర కింద. సైన్సు రాని మనిషి నా కోసం ఒక రోజంతా ఆ పేజీలన్నీ తిప్పి చూశాడు. నేను అర నిమిషం ఆగి చూడలేకపోయాను. అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆ అమ్మాయిని పెన్ను, జిగురు అడిగాను. ప్రాజెక్టులో 112 కొట్టేసి 121 రాశాను. నా ప్రాజెక్టు వెనక అట్ట లోపల కూడా ఒక తెల్లకాగితం అతికించాను. జిగురు ఆరేదాకా అట్ట తెరిచి పట్టుకుని ఆ ర్యాకు ముందే నిలబడ్డాను.