పెదనాన్న ఇంట్లో జపాన్ కత్తి

దయ్యాలంటే నాకు నవ్వే గానీ భయం ఎప్పుడూ లేదు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ ఏ తప్పు కనబడ్డా కారణం దొరికేదాకా వదలని బాపతు. ఇంట్లో కూడా అంతేనని మా ఆయన గోల. కాబట్టి ఏది పడితే అది నమ్మేసే మనిషి చెప్తున్న కథ కాదిది.

మా పెదనాన్న ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌లో ఉంటారు. అక్కడే జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఒక జపాన్ కత్తి ఉండేది, మా తాతయ్యది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తాతయ్య మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో మిలటరీ డాక్టరు. జపాన్ వాళ్ళు లొంగిపోయినప్పుడు వాళ్ళ ఆఫీసర్లు అప్పగించిన కత్తుల్లో ఒకటి ఆయనకిచ్చారట. తాతయ్య పోయాక పెదనాన్నకొచ్చింది. ఏటా దసరాకి ఒరలోంచి తీసి, పిడికి బొట్టు పెట్టి, పూజ చేసి మళ్ళీ ఒరలో పెట్టేయడమే.

2013లో పెదనాన్నకి బైపాస్ అయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే మాట, తను ఉండగానే ఈ కత్తి ఎవరిదో కనుక్కుని ఇచ్చేయాలని. ఆ పని నా నెత్తిన పడింది. వాట్‌ఫర్డ్‌లో నేను పనిచేసే ఆఫీసులో, నా టీమ్‌లోనే కెయికో అని జపాన్ అమ్మాయి ఉండేది. పెద్దమ్మ చేతి పప్పుచారు ఆశ చూపించి ఒక ఆదివారం తీసుకెళ్ళాను.

కెయికో వాళ్ళ తాత ఇంట్లోనూ ఇలాంటి కత్తి ఉండేదట. నేర్పుగా పిడి ఊడదీసింది. లోపల ఇనుము మీద చేసినవాడి పేరు, ఊరి పేరు చెక్కి ఉన్నాయి. పిడి మీదున్న వెండి పువ్వు కత్తి గలవాళ్ళ వంశం గుర్తని చెప్పింది. తర్వాత కత్తి వాసన చూసి, దీనికి నూనె రాసేదెవరని అడిగింది. కత్తులకి రాసే నూనె ఒకటుందట, లవంగాల వాసన వస్తుందట. కొన్ని నెలలకోసారి పాతది తుడిచి కొత్తది రాయకపోతే, ఈ దేశం తేమకి ఎప్పుడో తుప్పు పట్టాలట.

పెదనాన్న పెద్దమ్మ వైపు చూశారు.

"నా వైపు చూస్తారేంటండీ? దాన్ని నేను ముట్టుకుంటానా? బొట్టు కూడా వేలి కొసతో పెట్టి వచ్చేస్తాను నేను" అంది పెద్దమ్మ.

పెదనాన్న కూడా ఎన్నడూ రాయలేదు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఒర తీస్తే లవంగాల వాసన వచ్చేది నిజమే. పక్కన వంటిల్లే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఊరి పేరు, పువ్వు గుర్తు పట్టుకుని కెయికో జపాన్‌లో ఆ ఊరివాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. వేసవిలో ఆ వంశం వాళ్ళ ఇల్లు దొరికింది. కత్తి తాలూకు ఆఫీసరు యుద్ధం ముగిశాక కూడా ఇంటికి తిరిగి రాలేదు. ఆయన చెల్లెలు బతికే ఉంది, తొంభై దాటింది. మొన దగ్గర అంచు కొంచెం విరిగి ఉంటుంది చూడమని చెప్పించింది. చిన్నప్పుడు అన్నకి తెలియకుండా తీసి రాతికి కొట్టింది తనేనట. చూశాం, ఉంది. పెదనాన్న అక్కడ వేలు పెట్టి ఏడ్చేశారు.

ఆగస్టులో కెయికో సెలవు మీద జపాన్ వెళ్తూ, కాగితాల పనంతా చూసుకుని తనే పట్టుకెళ్తానంది. పెదనాన్న ఒప్పుకోలేదు.

"రెండు నెలల్లో దసరా ఉందమ్మా. మా నాన్న రోజుల్నుంచీ పూజ చేసిన ఆయుధం. ఈ ఒక్కసారి దండం పెట్టుకుని పంపిస్తాను."

నాకు ఒళ్ళు మండింది. తొంభై దాటిన మనిషికి వాయిదాలేంటి అన్నాను. ఆయన వినలేదు.

దసరాకి ముందు ఆదివారం వెళ్ళినప్పుడు, జపాన్‌లో ఆ పెద్దావిడకి చూపించడానికి ఆ విరిగిన అంచు ఫోటో తీసి కెయికోకి పంపాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. నున్నటి కత్తి మీద నా ముఖం కనిపిస్తూ ఉంటుంది.

దసరా రోజు కత్తి ఒరలోంచి రాలేదు. పెదనాన్న, మా ఆయన చెరోవైపు పట్టుకుని లాగితే గరగరమంటూ వచ్చింది. మొదలు నుంచి మొన దాకా తుప్పు. ఒరలో తడి లేదు. లవంగాల వాసనా లేదు. పెద్దమ్మ హారతి ఇవ్వకుండానే పళ్ళెం కింద పెట్టేసింది.

ఆ పూటే కెయికో ఫోన్ చేసింది. ఆ పెద్దావిడ రెండు రోజుల క్రితం నిద్రలో పోయిందట. ఫోటో చూసిందా అని అడిగాను. చూసి నవ్విందని, ఎప్పుడు తెస్తారని అడిగిందని చెప్పింది.

పెదనాన్న సోఫాలో కూలబడ్డారు. "ఆవిడ అక్కడ ఎదురుచూస్తుంటే నేనిక్కడ పూజ కోసం ఆగానమ్మా" అన్నారు.

తర్వాత లండన్‌లో పాత కత్తులు బాగుచేసే ఒకాయనకి చూపించాం. ఇది వారంలో పట్టే తుప్పు కాదు, ఏళ్ళ తరబడి పట్టింది అన్నాడు. ఫోటో చూపిస్తే వేరే కత్తి అన్నాడు. ఫోటోలోనూ కత్తి మీదా విరిగిన అంచు పక్కపక్కన చూపించాక కత్తిని తిరిగి మా చేతిలో పెట్టేశాడు.

కత్తిని ఆవిడ కొడుక్కి పంపేశాం. మర్యాదగా తీసుకున్నారు. కానీ దానికోసం ఎదురుచూసింది ఆవిడ.

సెంట్రల్ హీటింగ్, ఒర చెక్క, పెద్దమ్మ పసుపు, నేను అనుమానించని వస్తువు లేదు. ఏదీ అతకలేదు. అన్నేళ్ళూ దానికి నూనె రాసిందెవరో, ఎందుకు మానేశారో ఈ రోజుకీ నాకు తెలియదు.

పెదనాన్న మాత్రం ఇప్పుడు ఎవరి వస్తువూ ఇంట్లో ఉంచుకోరు. పక్కింటావిడ కేకు పెట్టి పంపిన పళ్ళెం కూడా, వాన పడుతున్నా సరే, గొడుగేసుకుని అప్పటికప్పుడు ఇచ్చొస్తారు. రేపిద్దురుగానీ అనడం పెద్దమ్మ మానేసింది.