మా పెరటి వడగాలి

రెండేళ్ల కిందటి మాట. గోదావరిఖనిలో అమ్మానాన్నలతో బొగ్గుగని క్వార్టర్‌లో ఉంటూ, వాతావరణాన్ని లెక్కగట్టే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేయడం అప్పుడే మొదలుపెట్టాను. కొలతల్లోంచి తప్పులను ఎలా ఏరివేస్తారో అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టడం నా ఉద్యోగం. ఉదాహరణ కోసం ఉష్ణోగ్రత కొలిచే పరికరాన్ని మా పెరటి గోడకే తగిలించాను.

నెల తిరిగేసరికి ఒక వింత దొరికింది. రోజూ ఓ అరగంట వేడి ఎగబాకుతోంది. ఒక వారం పొద్దున్నే, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. తప్పుడు కొలతైతే ఇంత పద్ధతిగా ఎందుకొస్తుంది? 'ఇది స్థానిక వడగాలి, ఏరివేయకూడదు' అని పేజీ రాసేశాను. ఆ సాయంత్రం ఆన్‌లైన్ మీటింగులో శాస్త్రవేత్తల ముందు గొప్పగా చదువుతుండగానే తెరమీద ఉష్ణోగ్రత గీత పైకి లేచింది.

"చూడండి, మొదలైంది!" అన్నాను.

పెరట్లోంచి అమ్మ కేకేసింది.

"ఆ గోడ మీది డబ్బా జర పక్కకు జరుపు బిడ్డా! మీ నాయిన డ్యూటీ దిగి వచ్చిండు. తానానికి నీళ్లు పెట్టిన. బొగ్గుల పొయ్యి సెగంతా దానికే తాకుతుంది!"

నాన్న షిఫ్టు వారం వారం మారుతుంది. దాంతోపాటే ఆయన స్నానం వేళ కూడా!

నా ముఖం కందగడ్డయింది. పెద్ద శాస్త్రవేత్త మాత్రం నవ్వాపుకుంటూ, "వచ్చే వారం నాన్నగారిది ఏ షిఫ్టమ్మా?" అని అడిగాడు.

ఇప్పుడు ఆ పేజీలో మొదటి వాక్యం: 'కొలతను నమ్మే ముందు, పరికరం పక్కన ఎవరేం చేస్తున్నారో అడగండి.' నెలంతా గీతలు చూశాను గానీ, పెరట్లోకి ఒక్కసారీ తొంగిచూడలేదు మరి!