అమ్మ చెప్పిన నంబరు

దయ్యాల ముచ్చట మొదలైతే నేను లేచి వెళ్లిపోయేవాణ్ని. భయంతో కాదు, విసుగుతో. పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా పనిచేశాను. ఏ వస్తువు లోపలికి వచ్చినా అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే కాగితం ఉండాలి. నా ఆలోచన కూడా అలాగే తయారైంది. ఇప్పుడు రాస్తున్నదానికి మూలం చెప్పే కాగితం నా దగ్గర లేదు. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు.

ఇది రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో జరిగింది. మా ఊరు గుమ్మడిదల దగ్గర. అన్న బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఆపరేటరు. ఆ కంపెనీ మీటింగ్ హాలులోని పాత ప్రొజెక్టర్‌ను వేలం వేస్తే అన్న పాడాడు. ముందుగదిలో ఒక గోడకు తెల్ల సున్నం వేయించి, దాని మీద సినిమాలు వేసేవాడు. వాడకట్టు అంతా వచ్చి కూర్చునేది. అన్న మాత్రం గోడకు ఎడమపక్కన, గడప దగ్గర ఒక పీట వేసుకుని, బొమ్మను కాకుండా చూసేవాళ్లను చూస్తుండేవాడు.

ఆయనకు నలభై నాలుగేళ్లు. మధ్యాహ్నం షిఫ్టు ముగించి బట్టలు మార్చుకునే గదిలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

తొమ్మిదో రోజు చుట్టాలు అన్నను చూస్తామంటే నా పెళ్లి వీడియో వేశాను. అందులో అన్న బంతిలో పప్పు వడ్డిస్తూ కనిపిస్తాడు. ఆ చోటు ఇంకా రాకముందే ప్రొజెక్టర్ లోపల టప్‌మని శబ్దమైంది. గోడ నల్లబడింది. అందులోని దీపం పగిలిపోయింది. ఆ దీపాలకు ఒక ఆయుష్షు ఉంటుంది, అది అయిపోతే కొన్నిసార్లు అలా పేలుతాయి. అంతకు మించి ఏమీ లేదు.

కానీ చావు జరిగిన ఇంట్లో పగిలిన దీపం ఉండకూడదని మావాళ్లు పట్టుబట్టారు. నేను చెబితే ఎవరూ వినలేదు. వదిన ఆ దీపాన్ని దాని ప్లాస్టిక్ గూడుతో సహా పాతబట్టలో మూటగట్టి ఊరవతల క్వారీ గుంతలో పారేసి వచ్చింది. దీపం నంబరు ఆ గూడు మీదే ఉంటుంది. ఆ సంగతి అప్పుడు నాకూ తెలియదు. తరువాత వానలకు గుంత నిండింది.

ఆర్నెల్లు ప్రొజెక్టర్ మీద దుప్పటి కప్పి ఉంచాము. ఈలోగా అమ్మ చూపు తగ్గిపోయింది. నీటికాసులన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేయకపోతే ఉన్నదీ పోతుంది, చేస్తే ఎంత మిగులుతుందో చెప్పలేమన్నారు. ఒక బుధవారానికి చేర్చుకుంటామన్నారు. టీవీలో మనిషి ముఖం అమ్మకు అప్పటికే ఆనడం లేదు. ఫొటో ఇస్తే వేళ్లతో తడిమి పక్కన పెట్టేసేది. గోడంత బొమ్మ అయితే కనిపిస్తుంది.

"చిన్నోడా, కత్తెర వెట్టకముందు పెద్దోన్ని ఒక్కపారి గోడ మీద సూపియ్యరాదు" అంది.

ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. డ్యూటీలో ఉన్నా అదే ధ్యాస. ఫోన్లు చేస్తే చేసినచోటల్లా మోడల్ నంబరు అడిగారు. కంపెనీవాళ్లు అమ్మేముందు మెషీన్ మీద అతికించిన తమ పేరున్న కాగితాలన్నీ గీకేస్తే, వాటితో మోడల్ నంబరు కూడా పోయింది. అన్న దాచిన ప్రొజెక్టర్ అట్టపెట్టె మీద మాత్రం దాని పేరు ఉంది.

మంగళవారం పొద్దున సెలవు పెట్టి ఆ ఖాళీ పెట్టెతో సికింద్రాబాద్ బస్సెక్కాను. ప్రొజెక్టర్ బరువు, పెట్టె చాలుననుకున్నాను. అది నా తప్పు. దారిలో ట్రాఫిక్ ఆగిన ప్రతిచోటా దిగి నడిచిపోదామా అనిపించింది.

దుకాణదారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిల్లను తెమ్మంటే పల్లకి తెచ్చినవ్ సాబ్. మెషీన్ ఏది?"

"ఇంట్ల ఉన్నది. పెద్దది, మోసుడు కాలె."

ఆయన రెండు దీపాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సీలు తీయని కవర్లలో నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఈ పేరుతో రెండు రకాల మెషీన్లు వచ్చాయట, ముందువాటికి ఒక గూడు, తరువాతివాటికి ఇంకొకటి. ఒకదానిది ఇంకోదానిలో కూర్చోదు. నంబరులో చివరి రెండంకెలే తేడా. గూడు లేని వట్టి బల్బు చౌకగా దొరుకుతుంది కానీ, మాకు పాత గూడు లేదు కాబట్టి అది పనికిరాదు.

"సీల్ తీస్తే వాపస్ తీస్కోను. ముందే చెప్తున్న, తర్వాత పరేషాన్ కావొద్దు."

నా పెట్టె కొత్తగా ఉంది కనక తరువాతి రకమే అయి ఉంటుందని ఆయన అన్నాడు. నాకూ అలాగే తోచింది. రెంటినీ చేతుల్లోకి తీసుకుని, పెట్టి, మళ్లీ తీసుకున్నాను. తప్పుది తీసుకెళితే మర్నాడు పొద్దునలోగా మార్చుకోవడం కుదరదు. అన్న ఎక్కడైనా నంబరు రాసిపెట్టాడేమో వదినను అడుగుదామని దుకాణంలోని ఫోన్ నుంచే ఇంటికి చేశాను.

అమ్మ ఎత్తింది.

"వదినకియ్యి" అన్నాను.

"లేదురా, బియ్యానికి పోయింది. ఏంది?"

విసుక్కుంటూనే చెప్పాను. దీపం నంబరు కావాలె, అన్న ఏడన్న రాసిండో ఏమో, వదిన రాంగనే అడుగు అని.

"ఉండు జెర" అంది. ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. నిమిషం, రెండు నిమిషాలు గడిచాయి. దుకాణదారు నన్నే చూస్తున్నాడు. తరువాత అమ్మ మళ్లీ వచ్చి, "రాసుకో" అంది.

రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఐదు అంకెలు. ఒక్కొక్కటే, మధ్యలో ఆగి ఆగి చెప్పింది. పెట్టె మీదే రాసుకున్నాను. సరే, పెడుతున్నానంటే, "ఆగు. మల్ల నువ్వు సదువు" అంది. చదివాను. కాసేపు ఏమీ వినబడలేదు. "ఆఁ, గదే. జల్దీ రా" అని పెట్టేసింది.

వదిన వచ్చి, పక్క నుంచి చదివి చెబుతోందనుకున్నాను. చివరి రెండంకెలు ముందురకం దీపానివి. దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. "నీ ఇష్టం సాబ్" అన్నాడు. నేను దాన్నే తీసుకున్నాను.

నాలుగింటికి ఇల్లు చేరాను. గాజును వేళ్లతో ముట్టకూడదని అన్న చెప్పింది గుర్తుంచుకుని, గుడ్డతో పట్టుకుని పెట్టాను. టక్కుమని కూర్చుంది. మూడు మరలు బిగించాను. తలుపులు మూసి చీకటి చేసి వీడియో వేశాను.

బంతి వచ్చింది. పప్పు బకెట్‌తో అన్న వచ్చాడు. కెమెరా దగ్గరికి రాగానే, నన్నేం తీస్తవ్, అటు పో అన్నట్టు గరిటె ఊపాడు. అమ్మ లేచి గోడ దాకా నడిచింది. దగ్గరికి పోతే ఆమె నీడ పడి అన్న కనబడలేదు. పక్కకు జరిగింది. అన్న మళ్లీ కనిపించాడు. ఆయన చెంప ఉన్నచోట గోడ మీద అరచెయ్యి పెట్టింది. ఆ ముక్క నాలుగుసార్లు వేశాను.

అయిపోయాక వదినతో, "నంబరు దొర్కకపోతే తప్పుది తెస్తుంటి, నువ్వు యాళ్లకొచ్చినవ్" అన్నాను.

వదిన నా ముఖం చూసింది. "ఏం నంబరు? నేనొచ్చేసరికి రెండు దాటింది. మీ అన్న గసొంటిది ఏడ రాసిండు?"

నేను ఫోన్ చేసింది పన్నెండున్నరకు. దుకాణంలో గోడగడియారం చూశాను.

అమ్మను అడిగాను. ఆమె కాళ్లకు నూనె రాసుకుంటోంది.

"నాకేం ఎరుక? నువ్వడగమన్నవ్, అడిగిన. పెద్దోడు చెప్పిండు, నేను నీకు చెప్పిన."

"ఏడున్నడు?"

"ఏడుంటడు? పీట కాడ."

అంతే. కూర తినమని చెప్పినంత మామూలుగా చెప్పింది. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ బడికి వెళ్లలేదు. వేలిముద్ర వేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల పేర్లు తెలియవు. మరుసటి వారం ఆస్పత్రిలో, ఆ నంబరు మళ్లీ చెప్పమంటే మొదటి అక్షరం కూడా చెప్పలేకపోయింది. "గప్పుడే చెప్పిన గద" అంది. అన్న ఎప్పుడో ఆ గూడు విప్పి నంబరు పైకి చదివి ఉండొచ్చు, అది ఆమె చెవిలో ఉండిపోయి ఉండొచ్చు. నాకు తోచిన కారణం ఇదొక్కటే. కానీ అన్న దీపం మార్చినట్టు వదినకు గానీ నాకు గానీ గుర్తులేదు.

ఆపరేషన్ అయ్యాక అమ్మకు వెలుతురు, చీకటి మాత్రం తెలిసేవి. రెండేళ్లకు ఆమె కూడా పోయింది. ఆ పెట్టె నా దగ్గరే ఉంది. నంబరు నా చేతిరాతలోనే ఉంది.

చాలాకాలం తరువాత అన్నతో పనిచేసినాయన ఒకరు బస్సులో కలిశారు. మాటల్లో పని సంగతి వచ్చింది. మందు తూచేటప్పుడు ఒకరు పీపా మీది నంబరు పైకి చదువుతారట, రెండోవాడు రాసుకుని తిరిగి చదవాలట. తిరిగి చదివింది సరిగ్గా ఉందని తేలేదాకా మొదటివాడు అక్కణ్నుంచి కదలకూడదట. "మీ అన్న మస్తు సతాయించేటోడు. మల్ల సదువు, మల్ల సదువు అని పానం తీసేటోడు" అని నవ్వారు.

ఇప్పటికీ నేను నమ్మను. కారణం కూడా చెప్పలేను. కానీ ఆ మధ్యాహ్నం తలచుకున్నప్పుడల్లా ఒకచోట కూర్చోలేను. దుకాణదారు చూస్తున్నాడని, బస్సు పోతుందని, ఆ నంబరును గబగబా, ఒక్క తప్పు లేకుండా చదివేశాను. ఒక అంకె తప్పు చదివి ఉంటే, సరిదిద్దేదాకా అన్న ఇంకాసేపు ఆగేవాడు.