కడిగిన పలకలు

మా కాంప్లెక్స్‌ని నేను నిలబెట్టానని ఊళ్ళో ఇప్పటికీ నలుగురు చెప్పుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పేవాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు తెలిసింది అంతే.

మార్కాపురం బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరం మా కాంప్లెక్స్. కింద ఇరవై షట్టర్లు, పైన ఇరవై. మా నాయన అందులో షాపు తీసుకున్న రోజుల్లో పెళ్ళిబట్టలంటే గిద్దలూరు వాళ్ళు, తర్లుపాడు వాళ్ళు అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. నాయన తర్వాత ఆ షాపులో నేను కూర్చున్నాను. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు, దారాలు. చీర చూపిస్తే చాలు, దానికి నప్పే రంగు కళ్ళు మూసుకుని తీసేదాన్ని. నా పక్క షట్టరు టైలరుది. నా దగ్గర గుడ్డ చింపించుకుని, రెండడుగులు వేసి అతని చేతిలో పెట్టి పోయేవాళ్ళు. అలా ముప్పై ఏళ్ళు పక్కపక్కనే బతికాం. నాకంటే రెండేళ్ళు పెద్దయినా నన్ను అక్కా అనే పిలిచేవాడు. నీ వయసు దాచుకోవడానికి నన్ను ముసలిదాన్ని చేస్తావా అని దెప్పేదాన్ని. నవ్వేవాడు గానీ పిలుపు మార్చలేదు.

అతనికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అందుకని కొలతలు పుస్తకంలో కాకుండా పలకల మీద రాసుకునేవాడు. మార్కాపురంలో పలకకు కరువేముంది? పలకల ఫ్యాక్టరీలో అంచు విరిగినవీ, మచ్చ పడినవీ అడిగి తెచ్చుకునేవాడు. ఇంటికొక పలక. పైన ఆ ఇంటి గుర్తు, కింద ఆ ఇంటి ఆడవాళ్ళ కొలతలు. మా ఇంటి పలక మీద దారపుండ ఉండేది. హోటలాయన ఇంటి పలక మీద ఇడ్లీ గీశాడు, అది చూడబోతే సున్నా. కొనకనమిట్ల వైపు నుంచి గొర్రెల వాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళ పలకల మీద గొర్రె తలకాయలు, ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి కొమ్ములు. గోడ నిండా మేకులు, మేకుకొక పలక. దసరాకు మిషన్‌కు పూజ చేసే రోజున అన్నీ దించి, మసకబారిన గీతల మీద కొత్త బలపంతో మళ్ళీ దిద్దేవాడు. తెల్లారి మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. ఇంత వయసొచ్చాక అక్షరాభ్యాసం ఏందని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ తర్వాత మా కాంప్లెక్స్‌కి శని పట్టింది. మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములు లేచాయి. కుట్టిన జాకెట్లు సైజుల వారీగా హ్యాంగర్లకు వేలాడాయి. పై అంతస్తు పూర్తిగా పావురాల పాలైంది. కిందా సగం షట్టర్లకు తుప్పు పట్టింది. మార్కాపురం జిల్లా అయితే అన్నీ బాగుపడతాయని మా వాళ్ళు టీ తాగుతూ ఓదార్చుకునేవాళ్ళు. జిల్లా వచ్చేలోపు మనం పోతాం అనేదాన్ని నేను. నాకు కోపం ఎక్కువ. కూర్చుని ఏడ్చేవాళ్ళను చూస్తే ఇంకా ఎక్కువ.

ఆ కోపంలోనే పుట్టింది ఆదివారం ఆలోచన. వారానికొక రోజు ఏదో ఒక పని నేర్పే నెపంతో జనాన్ని మళ్ళీ కాంప్లెక్స్‌కి రప్పించాలని. మూతపడ్డ షాపుల ఓనర్లను ఒక్కొక్కరినీ పట్టుకుని వరండాలు వాడుకోవడానికి ఒప్పించాను. పైనంతా ఊడ్పించి, కడిగించి, లైట్లు వేయించాం. ఒకామె మగ్గం పని నేర్పుతానంది. పలకల ఫ్యాక్టరీలో నడుము పోయేదాకా పనిచేసిన ముసలాయన బండ నుంచి పలక ఎట్లా చీలుస్తారో చేసి చూపిస్తానన్నాడు. బడిలో బొమ్మలు నేర్పే టీచరమ్మ ఒకావిడ వచ్చి, పిల్లలకు తలా ఒక పలక ఇద్దామంది. ఎవరి వీధి వాళ్ళు గీస్తారు, వాటిని మూసిన షట్టర్ల మీద వేలాడదీస్తే తుప్పు కనబడదు, ఊరే కనబడుతుంది అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది.

ఇదంతా జరుగుతున్నప్పుడు టైలరు ఊళ్ళో లేడు. కంట్లో శుక్లాలు ముదిరి, గిద్దలూరులో తమ్ముడి ఇంట్లో ఉండి ఆపరేషన్ చేయించుకున్నాడు. నెల దాకా దుమ్మూ తడీ తగలకూడదన్నారట. షాపు తాళం నా దగ్గరే ఉంది.

మొదటి ఆదివారం వంద మంది పిల్లలు వస్తే గొప్ప అనుకున్నాం. మధ్యాహ్నం మూడు గంటలకే మెట్ల మీద కాలు పెట్టే సందు లేదు. ఆటోలు వేసుకుని తర్లుపాడు నుంచి కూడా వచ్చారు. కాంప్లెక్స్‌లో అంత మంది గొంతులు విని ఎన్నేళ్ళయిందో. అంతలోనే టీచరమ్మ వచ్చి పలకలు అయిపోయాయని చెప్పింది. ఆదివారం ఫ్యాక్టరీలు మూత. వరుసలో నిలబడ్డ పిల్లలు చేతులు చాపుతున్నారు. ఒకరిద్దరు ఏడుపు మొదలుపెట్టారు. వాళ్ళ అమ్మలు ఇక పోదాం పదండి అంటున్నారు. ఒక్కసారి వెనక్కి పోయిన జనం మళ్ళీ రారు. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

తాళం తీశాను. మేకులకున్న పలకలన్నీ దించి వరండాలోకి తెచ్చాను. టీచరమ్మ ఒక పలక తిప్పి చూసి, వీటి మీద ఎవరివో కొలతలున్నట్టున్నాయి, అడగకుండా తీయొచ్చా అంది. నేనన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"ఈళ్ళల్లో సగం మంది చచ్చిపోయినారు, మిగతా సగం మంది లావైనారు. కడగమ్మా."

ఆమె కడగలేదు. నేనే కడిగాను. బకెట్టులో నీళ్ళు పెట్టుకుని, నా షాపులోని లైనింగు ముక్కతో ఒక్కొక్కటీ తుడిచాను. దారపుండ పోయింది, ఇడ్లీ పోయింది, గొర్రెలన్నీ పోయాయి. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. అతను వచ్చాక జనాన్ని చూసి సంతోషపడతాడు, మళ్ళీ కొత్త కొలతలు తీసుకుంటాడు, అతనికి బేరం తెచ్చిపెడుతున్నది నేనే కదా అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అదొక్కటే నా పక్షాన చెప్పుకోగలిగిన మాట.

పది రోజులకు అతను వచ్చాడు. నల్ల కళ్ళద్దాలతో మెట్లెక్కి, షట్టర్లన్నిటి మీదా పిల్లల బొమ్మలు చూసుకుంటూ నడిచాడు. మన కాంప్లెక్సేనా ఇది అని రెండుసార్లు అడిగాడు. ఆ రోజు అతని ముఖంలో వెలుగు చూసి నేను పొంగిపోయాను. తర్వాత కిందికి వచ్చి, నా దగ్గర తాళం తీసుకుని షాపు తీశాడు.

కాసేపటికి నేను వెళ్ళి చూస్తే గోడ ముందు నిలబడి, ఖాళీ మేకులను వేలితో ఒక్కొక్కటే తాకుతున్నాడు. పలకలు చాలక పైకి తీసుకెళ్ళామని, పిల్లలు తెలియక కడిగేశారని చెప్పాను. వచ్చే ఆదివారం పని మీద వచ్చిన టీచరమ్మ నా పక్కనే ఉంది. నా వైపు ఒకసారి చూసి పైకి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం నుంచి రావడం మానేసింది.

పోతే పోయినాయిలే అన్నాడతను. ఊళ్ళో వాళ్ళవి మళ్ళీ తీసుకోవచ్చన్నాడు. తలుపు పక్కన కింది మేకుకుండే పలక, గుర్తు లేనిది, అది కూడా కడిగినారా అని అడిగాడు.

అతని భార్య పోయి అప్పటికి రెండేళ్ళు. కిడ్నీల జబ్బు, మా వైపు ఇంటికొకరున్నట్టే. ముత్తైదువుగా పోయిన మనిషి కాబట్టి ఏటా ఆ తిథికి ఒక ముత్తైదువును పిలిచి, పసుపు కుంకుమతో చీరా రవికా పెట్టాలి. అందరూ గుడ్డ ముక్క పెడతారు. అతను కుట్టి పెట్టేవాడు. అది కూడా భార్య కొలతకు కుట్టి, ఆ రవిక సరిపోయే మనిషిని వెతికి మరీ పెట్టేవాడు. గుడ్డ నా దగ్గరే కొనేవాడు కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కొలత పలక మీద చూసి కుడతాడని మాత్రం తెలియదు.

తప్పు చేసినవాళ్ళకే నోరెక్కువ లేస్తుంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ కుట్టినవాడివి, పెళ్ళాం కొలత నోటికి రాదా అని కసిరాను.

అతను అద్దాలు తీసి కళ్ళు తుడుచుకోబోయి, తడి తగలకూడదన్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు.

"వచ్చేదక్కా. కానీ పోయే ముందు మనిషి సగమైపోయింది గదా. మంచాన పడిన రెండేండ్లూ నేనే పట్టుకోని లేపేది, పండుకోబెట్టేది. నా చేతులకు ఆ మనిషే గుర్తుంది. మంచిగున్నప్పటి మనిషి ఆ పలక మీదుండె. ఫోటో ఉందిలే. ఫోటోలో మొకముంది, కొలత యాడుంది?"

ఆమె జాకెట్లు ఏవీ మిగల్లేదా అని అడిగాను. పెద్దకర్మ రోజునే చాకలామెకు మూట కట్టి ఇచ్చేశారట. మా వైపు పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు.

ఆ రోజు షాపు కట్టేసి పైకి వెళ్ళాను. పలకలన్నీ వెలుతురుకు వంచి వంచి చూశాను, ఎక్కడైనా అంకె జాడ మిగిలిందేమోనని. ఇళ్ళు, కుక్కలు, బస్సులు, రెండు జడల అమ్మాయిలు. ఎంత బాగా గీశారో ఆ పిల్లలు. నేనూ ఎంత శుభ్రంగా కడిగానో.

రవికలు పెట్టించుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. మొదటామె కుటుంబం బెంగుళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయింది, ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. రెండో ఆమెది కొనకనమిట్ల దగ్గర పల్లె. మరుసటి రోజే బస్సెక్కాను, అతనికి చెప్పకుండా. ఆ ఇల్లు వెతికి పట్టుకునేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చిన్న వయసామె, గొర్రెలకు నీళ్ళు పెడుతోంది. నన్ను చూసి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది. పోయిన ఏడు పెట్టిన రవిక ఉందా అని అడిగాను. ఉందత్తా అంది. నా ప్రాణం లేచి వచ్చింది. ఆమె లోపలికి పోయి, నిద్రలో ఉన్న నెలల బిడ్డను ఎత్తుకొచ్చి చూపించింది. కాన్పు తర్వాత రవిక బిగుతై, గుడ్డ మెత్తగా ఉందని విప్పేసి బిడ్డకు గౌను కుట్టుకుంది. ముదురాకు పచ్చ గుడ్డ, నేను చింపిందే. తప్పు చేసినానా అత్తా అని భయంగా అడిగింది. లేదమ్మా, బిడ్డకు బాగుంది అన్నాను. బస్సులో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. పక్కనున్నామె ఎవరు పోయినారని అడిగింది.

కాంప్లెక్స్ మాత్రం కళకళలాడింది. ఆదివారాలు పెరిగాయి. పైన నాలుగు షాపులు తెరిచారు. జనం టైలరు దగ్గర వరుసకట్టి కొత్త కొలతలిచ్చారు. కొత్త పలకల మీద కొత్త గుర్తులు గీశాడు. కళ్ళు బాగా కనబడుతున్నాయి కాబట్టి ఈసారి ఇడ్లీ ఇడ్లీలాగే వచ్చింది. కుట్టు మాత్రం ముందులా లేదు, రెండుసార్లు చంకల దగ్గర బిగుతు పెట్టాడని గొడవపడ్డారు. ఆ ఏడు తిథికి నా దగ్గరకొచ్చి గుడ్డ తీసుకున్నాడు. ఎవరికో చీరతో పాటు ఆ గుడ్డను కుట్టకుండా అలాగే పెట్టాడు.

తిథి అయిన వారానికి మిషన్ అమ్మేశాడు. గిద్దలూరులో తమ్ముడి దగ్గరకు పోతానన్నాడు. బేరాలు మళ్ళీ పుంజుకున్న రోజుల్లో పోవడమేందని అందరూ బుద్ధి చెప్పారు. నేను చెప్పలేదు.

వెళ్ళే రోజు చేతిసంచితో వచ్చి నా షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. నిజం చెప్పాలని వారం నుంచీ మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. కడిగింది పిల్లలు కాదు, నేను. టీచరమ్మ వెనకాడినా వినకుండా, చచ్చినవాళ్ళవి ఎందుకని నవ్వుతూ కడిగాను. ఇంతే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అతనే ముందు మాట్లాడాడు.

"పిల్లోళ్ళ మీద కోపం లేదక్కా. వాళ్ళకేం తెల్సు. నువ్వు జనంలో ఉంటివి గానీ, ఆడ ఉండింటే కడగనిచ్చేదానివి కాదు."

నేను అతని ముఖం చూడలేక గుడ్డల తాన్ల వైపు తిరిగి, సర్ది ఉన్నవాటినే మళ్ళీ సర్దాను. బస్సుకు ఇంకా టైముంది, టీ తాగుతావా అని అడిగాను. తాగుతానన్నాడు. తెప్పించాను.