తిన్న చోట తివాచీ

రెండువేల ఇరవై రెండు ఎండాకాలం. కల్లాల్లో మిరపకాయలు ఎత్తేసి జనం కాస్త ఊపిరి పీల్చుకుని కొట్లవైపు వచ్చే రోజులు. నరసరావుపేటలో మాది చాపలు, జంపఖానాలు, తివాచీలు అమ్మే కొట్టు. మా మామగారు పెట్టారు. ఆయన తర్వాత మా ఆయన చూశారు, ఆయనకి చూపు తగ్గాక నేను చూస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. కొలత వేయడం వచ్చు, గుడ్డ వేళ్ళ మధ్య నలిపితే అది ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పడం వచ్చు. ఈ పనికి అంతకన్నా అక్కర్లేదని చానా ఏళ్ళు అనుకున్నాను. అది పూర్తిగా నిజం కాదని ఆ ఎండాకాలం తెలిసింది.

డైనింగ్ టేబుల్ కింద తివాచీ కావాలా అని ఎవరైనా అడిగితే, అక్కర్లేదనే చెబుతాను. తినే చోట మెతుకులు పడతాయి, పులుసు పడుతుంది, పిల్లలు చెయ్యి తుడుస్తారు. దాన్ని ఉతకాలి, ఆరబెట్టాలి, ఎత్తాలి, పరవాలి. అమ్ముకునేదాన్నయి ఉండి అట్టా మాట్లాడితే కొట్టు మూసుకోవాలని మా కోడలు అంటుంది. అవసరం లేనిది అంటగడితే ఆరు నెలలకి ఆ మనిషి మన కొట్టు ముందునించి మొహం తిప్పుకుని పోతుంది. అదీ మూసుకోవడమే.

ఆ రోజు వచ్చిన అమ్మాయి పేరు శిరీష. శావల్యాపురం అవతల ఊరు. ఇద్దరు బడి పిల్లలు. భర్త ఊళ్ళో రాజకీయంలో తిరిగే మనిషి. అట్లాంటి ఇళ్ళ సంగతి నాకు తెలుసు. పొద్దున టిఫిన్ల దగ్గర్నుంచి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, కాగితం మీద సంతకానికి వచ్చి అన్నం తిని పోయేవాళ్ళు. టేబుల్ ఖాళీగా ఉండే గడియ ఉండదు.

"పెద్దమ్మా, కొత్త ఇంట్లో డైనింగ్ టేబుల్ కింద ఏసే కార్పెట్ చూపించు," అంది.

"కొత్త ఇల్లంటున్నావు. నేల బాగానే ఉంటది గదా, దాని మీద గుడ్డ ఎందుకు?"

"నేల బాగుండబట్టే ఈ తిప్పలు," అని కూర్చుంది.

ఆ అమ్మాయి మామగారు ముందు ఏడు బాత్రూములో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగితే గుంటూరు తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. వాకర్ పట్టుకుని నడవగలరు. అయితే ఇంటినిండా వేయించిన విట్రిఫైడ్ టైల్స్, అంటే అద్దంలా నున్నగా మెరిసే కొత్తరకం పలకలు, ఆయన్ని భయపెట్టాయి. గది గుమ్మం దాకా వచ్చి నేల చూసి వెనక్కి తిరుగుతున్నారు.

"రెండు నెలల్నుంచి కంచం గదిలోకే పోతాంది పెద్దమ్మా. సగం తిని తోసేస్తన్నారు. నడవకపోతే ఉన్న బలం కూడా పోద్దంటాడు డాక్టరు. మళ్ళా పడితే ఇంకో ఆపరేషన్ తట్టుకోలేడంటాడు. కాలికింద గరుగ్గా ఏదన్నా ఉంటే వస్తానన్నారు. అందుకని వచ్చా."

ఇది అవసరమే. నేను టేపు తీశాను.

ఈ పనిలో మొదటి లెక్క టేబుల్ కొలత కాదు, కుర్చీ కొలత. కూర్చునే మనిషి కుర్చీ వెనక్కి లాగినప్పుడు దాని వెనక కాళ్ళు తివాచీ దాటి పోకూడదు. దాటితే కుర్చీ ఒరుగుతుంది, అంచు లేస్తుంది. అందుకని టేబుల్‌కి నాలుగు వైపులా రెండేసి అడుగులు ఎక్కువ ఉండాలి. వాళ్ళది ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు టేబుల్. పది అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు తివాచీ సరిపోయింది. తర్వాత పైల్ చూడాలి. పైల్ అంటే పైన ఉండే నూగు. అది ఎత్తుగా ఉంటే మెతుకులు లోపలికి దిగుతాయి, వాకర్ కాళ్ళు చిక్కుకుంటాయి. బాగా పొట్టిది తీశాను. పోగు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, యూరియా బస్తాలు నేసేది దాంతోనే. తడిసినా కుళ్ళదు, పప్పు మరక పీల్చదు. రంగు ముదురు ఎరుపు, చిన్న చిన్న పువ్వుల అద్దకం. అడుగున లేటెక్స్ బ్యాకింగ్, అంటే జారకుండా పూసిన రబ్బరు.

శిరీష ఫోనులో తెల్లటి తివాచీ బొమ్మ చూపించింది. "ఇట్టాంటిది లేదా?"

"ఉంది. మీ ఇంట్లో కూర ఒండటం మానేస్తే ఇస్తా."

ఆ అమ్మాయి నవ్వి ఎర్రది కట్టించుకుంది. ఎంచినదాంట్లో తప్పు లేదని నేను తృప్తిగా ఉన్నాను.

పదకొండో రోజున మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"నీ కార్పెట్ జారింది పెద్దమ్మా. మామయ్యని పట్టుకుని టేబుల్ దాకా నడిపించాం, దాని మీద వాకర్ పెట్టి అడుగేశారు, మొత్తం కదిలింది. వెనక కుర్చీ ఉండబట్టి దాంట్లో పడ్డారు, లేకపోతే ఏమయ్యేదో. మళ్ళా గదిలోకి పోయారు. ఇంక రమ్మన్నా రావట్లేదు. అది వాసన కూడా వస్తాంది."

"జారకూడదే. సరుకులో దోషం లేదు."

"దోషం లేకపోతే మనిషెందుకు పడబోయాడు?"

ఆ ప్రశ్నకి కొట్టులో కూర్చుని జవాబు చెప్పలేను. మర్నాడు ఆటో ఎక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. అమ్మిన చోటికి వెళ్ళి చూడటం మా మామగారి నాటి అలవాటు, ఈ మధ్య ఓపిక లేక తగ్గించాను.

వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాలు. టేబుల్ చుట్టూ ఆరుగురు తింటున్నారు, ఇద్దరు నిలబడి ఉన్నారు. శిరీష అత్తగారు రత్తమ్మ వడ్డిస్తోంది. నా వయసు మనిషే.

"రా వదినా. కార్పెట్లు అమ్మేది నువ్వేనా?" అంది.

"నేనే వదినా."

"తిని మాట్లాడదాం. ఖాళీ కడుపుతో కోపాలేందిలే."

తిన్నాను. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక రత్తమ్మ చేసిన పని చూశాను. కుర్చీలు పక్కకి లాగింది. తివాచీ ఒక సగం చుట్టింది. బక్కెట్లో నీళ్ళు, దాంట్లో ఫినాయిల్ చుక్క. తడిగుడ్డ పెట్టి టేబుల్ కింద నేలంతా తుడిచింది. తుడిచిన తడిమీదే తివాచీ మళ్ళా పరిచింది. అవతలి సగం చుట్టింది, తుడిచింది, పరిచింది. పైన పడ్డ మెతుకులు ఏరి, పైన కూడా అదే తడిగుడ్డ ఈడ్చింది.

తిన్న చోట ఎంగిలి తుడవాలి. ఆకు వేసుకుని నేలమీద తిన్న రోజుల్లో పేడనీళ్ళతో, తర్వాత తడిగుడ్డతో. నాకు తెలియని సంగతి కాదు. మా ఇంట్లో నేనూ తుడుస్తాను.

"రోజుకి ఎన్నిసార్లు వదినా?" అని అడిగాను.

"తిన్నప్పుడల్లా. నాలుగు, అయిదు. జనాన్ని బట్టి."

నేను వంగి తివాచీ అంచు ఎత్తాను. అడుగున రబ్బరంతా చెమర్చి ఉంది. ఆ రబ్బరు పొడి నేలని గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి పలక మీద నీళ్ళు నిలిస్తే, అందులో ఫినాయిల్ కలిస్తే, అదే రబ్బరు సబ్బుబిళ్ళలా అవుతుంది. తడి బయటికి పోయే దారిలేక వాసన పట్టింది. ఆ మాటే వాళ్ళకి చెప్పాను.

శిరీష అత్త వైపు తిరిగింది. "నేను చెప్తానే ఉన్నా, రోజుకోసారి చాలు అని. వింటేగా."

"ఏమే, మెతుకులు తొక్కుకుంటా తిరగమంటావా? అన్నం పడ్డ చోట కాలెట్టా పెడతాం?"

"మామయ్య పడితే ఏం చేస్తాం?"

"పడేసింది నీ కార్పెట్టు, నేను కాదు."

గదిలోంచి పెద్దాయన గొంతు వినపడింది. "నా కోసం పోట్లాడుకోబాకండి. నాకు గదే బాగుంది."

రత్తమ్మ నా వైపు చూసి నెమ్మదిగా అడిగింది.

"నీకు తెలుసు గదా వదినా తినే చోటు సంగతి. మీ ఇంట్లో టేబుల్ కింద ఏస్తావా ఇది?"

"ఎయ్యను."

"మరి మాకెందుకు ఇచ్చావు?"

నలభై ఏళ్ళ కొట్టులో నన్ను ఎవరూ అంత తిన్నగా అడగలేదు. టేబుల్ ఎన్ని అడుగులో అడిగాను, కుర్చీలు ఎన్నో అడిగాను, వాకర్ సంగతి కూడా ఆలోచించాను. తిన్నాక నేల ఎవరు తుడుస్తారు, ఎట్టా తుడుస్తారు, అది అడగలేదు. కొనడానికి వచ్చింది కోడలు, బేరం చేసింది కోడలు. తుడిచేది అత్త అన్న సంగతే నా బుర్రలోకి రాలేదు.

"తప్పు నాదే వదినా. సరుకుది కాదు, నీది కాదు," అన్నాను.

డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషిని తుడవొద్దనడం అయ్యే పని కాదు, అనకూడదు కూడా. అయితే తుడిచే చోటు వేరు, నడిచే చోటు వేరు. పెద్దాయన గది గుమ్మం నుంచి టేబుల్ దాకా కొలిచాను. పదడుగుల లోపే. ఆ దారిలో ఎవరూ తినరు, మెతుకు పడదు, తడిగుడ్డ అక్కర్లేదు. ఆయన్ని గుమ్మంలోనే ఆపేది ఆ దారే.

"ఒక మాట చెప్తా, కోప్పడబాక," అన్నాను శిరీషతో. "దీన్ని కోసేద్దాం."

"కోసేదేంది పెద్దమ్మా? కొత్తది. వచ్చినోళ్ళంతా బాగుందంటన్నారు."

"వచ్చినోళ్ళు టేబుల్ దాకా బాగానే నడిచొస్తన్నారు గదా."

ఆ అమ్మాయి ఒంగి ఆ ఎర్ర అద్దకం మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఇష్టపడి ఎంచుకున్న వస్తువు, ఇల్లు కట్టాక తన చేత్తో కొన్న మొదటిది అదేనట. తర్వాత గది తలుపు వైపు చూసింది.

"కోయండి," అంది.

తివాచీని ఆటోలో వేసుకుని వచ్చాను. నీడన నాలుగు రోజులు ఆరబెట్టాను. రబ్బరు పూసినదాన్ని ఎండలో వేస్తే పెళుసెక్కి రాలుతుంది, ఈ సంగతి చానామందికి తెలియదు. పది అడుగుల పొడుగున మూడు అడుగుల పట్టీ కోశాను. దాన్ని రన్నర్ అంటారు, నడిచే దారికి వేసే పట్టీ. వాకర్ వెడల్పు రెండడుగులు, నాలుగు కాళ్ళూ పట్టీ మీదే ఉండాలి, అందుకని మూడు. మిగిలినదాంట్లో అయిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పున మూడు ముక్కలు. పెద్దాయన కుర్చీ కిందకి ఒక్కటి చాలు. తిన్నాక ఆ ముక్క ఎత్తి జాడించి ఆరేయాలి, నేల తుడిచి, ఫ్యాను వేసి, పూర్తిగా ఆరాక పొడి ముక్క పరవాలి. ఒకటి నేలమీద, ఒకటి తీగ మీద, ఒకటి సిద్ధంగా. ఇంకా అడుగు వెడల్పున తునక మిగిలితే పారెయ్యలేదు, వాళ్ళ వీధి గుమ్మానికి కాళ్ళు తుడుచుకునే పట్టా చేశాను. అంచులు ఓవర్‌లాక్ చేయించాను, అంటే పోగులు లేవకుండా మిషను మీద చుట్టు కుట్టు. ఆ కుట్టు కూలి నేనే పెట్టుకున్నాను. అడగకపోవడం నా తప్పు గనక.

మళ్ళీ వెళ్ళి నేనే పరిచాను. రన్నర్ రెండు చివర్లా అడుగున, రెండు వైపులా అతుక్కునే కార్పెట్ టేపు వేశాను, వాకర్ తగిలి అంచు లేవకుండా. చెప్పులు విప్పి దాని మీద మడమ పెట్టి తోశాను. కదల్లేదు. రత్తమ్మ కూడా వచ్చి తోసింది. ఒక ముక్క చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఇదైతే నేను ఎత్తగలను. తువ్వాలు లెక్కన జాడించొచ్చు," అంది.

"టేబుల్ కింద మిగతా నేలంతా నీది వదినా. ఎన్నిసార్లన్నా తుడువు. ఆరకముందు మాత్రం ఏదీ పరవబాక."

శిరీష గదిలోకి వెళ్ళింది. లోపల చానాసేపు మాటలు. తర్వాత వాకర్ గుమ్మంలో కనపడింది, దాని వెనక పెద్దాయన. ఎర్రటి పట్టీని, దాని పక్కన మెరిసే నేలని చూశారు. నేను ఏమీ చెప్పలేదు. సరుకు గురించి ఒకసారి గట్టిగా చెప్పి తప్పు చేసి ఉన్నాను.

వాకర్ ఒక చోట పెట్టి నొక్కి చూశారు. కదల్లేదు. అడుగేశారు. పది అడుగుల దారికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, పప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డ రత్తమ్మ దాన్ని కింద పెట్టడం మర్చిపోయింది. కుర్చీలో కూర్చున్నాక ఆయన నన్ను చూసి, "నువ్వేనా చెల్లెమ్మా నన్ను పడెయ్యబోయింది?" అన్నారు.

"నేనే అన్నయ్యా."

"సరే, నువ్వూ కూర్చో. తిను."

ఆయనకి చెయ్యి వణుకుతుంది. రెండో ముద్దకే పప్పన్నం జారి కింద కొత్త ముక్క మీద పడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. భార్య మొహం వైపు చూశారు.

"పడనియ్యి," అంది రత్తమ్మ. "అది దానికే ఉంది. నువ్వు తిను."

ఆయన తిన్నారు. మజ్జిగ దాకా తిన్నారు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. తినే చోటికి తివాచీ కావాలని ఎవరు వచ్చినా, టేపు తియ్యకముందు, రంగు చూపించకముందు, తిన్నాక నేల ఎవరు తుడుస్తారని అడుగుతాను. కొనేవాళ్ళే తుడుస్తామంటే ఎట్టా తుడుస్తారో చెప్పమంటాను. ఇంకెవరో తుడుస్తారంటే, వాళ్ళని కూడా తీసుకురమ్మంటాను. పనిమనిషైనా సరే. కొందరికి ఇది నచ్చదు, కార్పెట్టుకి ఇంత విచారణా అని పక్క కొట్టుకి పోతారు. పోనీ. తుడిచే మనిషిని చూడకుండా తినే చోటికి నేనేదీ కోయను.